గొంగడి కప్పుకున్న దివాను

"సార్, మా అవ్వ వోయింది" అని కండక్టరమ్మ ఫోన్ చేసినప్పుడు నేను వికారాబాద్ స్టేషన్ బయట చాయ్ తాగుతున్నాను. "ఎప్పుడు?" అన్నాను.

"గిప్పుడే సార్. గొర్లను తోలిచ్చి లోపలికి వచ్చి కూసున్నది. కూసున్నది కూసున్నట్టే ఉన్నది."

ఎక్కడ కూర్చుని ఉంటుందో నాకు తెలుసు. ఆ ముసలమ్మ తన ఇంట్లో ఎప్పుడూ ఒకే చోట కూర్చునేది. గోడకు ఒక పెద్ద ఫోటో ఉండేది. సరిగ్గా దాని కింద, దానికి వీపు పెట్టి కూర్చునేది. ఇంట్లో ఎక్కడి నుంచైనా ఆ ఫోటో కనపడుతుంది, ఆ ఒక్క చోటు నుంచి తప్ప. పాతకాలపు ఇల్లాలు, పెనిమిటి ఫోటో ముందు కాళ్లు చాపుకోవడానికి సిగ్గు పడుతుందేమో అని మొదట్లో నేను అనుకున్నాను. చరిత్ర పాఠాలు చెప్పేవాళ్లకు ఇలాంటి తొందరపాటు లెక్కలు అలవాటే.

ఆమె పేరు రాయను. ఊరు తాండూరు అని చెబుతాను గానీ తాండూరు చిన్నదేం కాదు, ఏ గల్లీ అని అడగవద్దు. కండక్టరమ్మ అని రాస్తున్నాను, ఆమె కూతురు చేసే పని నిజానికి అది కాదు. ఆ ఇంట్లో ఒక మాట ఇంకా చెప్పకుండానే ఉంది. అది నా నోటి నుంచో నా కలం నుంచో బయటపడకూడదు. అయినా ఆమెను గురించి నాలుగు ముక్కలు రాయకపోతే నాకు ఊపిరాడేట్టు లేదు.

పొట్టి మనిషి. ముక్కుకు రెండువైపులా పుల్లలు, చేతులకు కడియాలు అరిగిన గుర్తులు. సరిహద్దు అవతల కన్నడ ఊరి నుంచి గొర్రెలు కాసే ఇంటికి కోడలై వచ్చింది. మనుషులతో తెలుగు మాట్లాడేది, గొర్రెలతో కన్నడం. ఇదేంటవ్వా అంటే, "ఇవి మా తల్లిగారిచ్చిన గొర్ల సంతు సారూ. వీటికి తెలుగు రాదు" అనేది. నవ్వేది కాదు. ఆమె నవ్వగా నేను చూడలేదు.

నేను రాస్తున్న పుస్తకం మీద మాత్రం ఆమెకు చిన్నచూపు ఉండేది. ఎప్పుడు వెళ్లినా "అయిపోయిందా?" అని అడిగేది. ఇంకా లేదనేవాణ్ని. "గొర్రెతోక బెత్తెడే. ఎప్పుడు జూసినా గంతే" అనేది. ఆ మాట మా ప్రిన్సిపాల్ అని ఉంటే నాకు కోపం వచ్చేది.

ఇంకో అలవాటు ఉండేది. అంగడి రోజున తాండూరు బజారులో ఒక మూలన నిలబడి, వచ్చేపోయే మగవాళ్లను తేరిపార చూసేది. కంది బస్తాలు మోసేవాళ్లను, లారీల దగ్గర బీడీ కాల్చేవాళ్లను, బషీరాబాద్ ఆటో దిగేవాళ్లను. ఒక్కోసారి ఎవరి వెనకనో నాలుగడుగులు నడిచేది కూడా. వాళ్లు తిరిగి చూస్తే వెంటనే ఆగిపోయేది. ముసల్దానికి మతి తప్పిందని బజారువాళ్లు చెప్పుకునేవారు. నన్ను కూడా మొదటిసారి అలాగే చూసింది. చాలాసేపు చూసి, "నీ చెవులు గాదు" అంది. ఏమిటో అర్థం కాలేదు. అప్పటికి నాకు ఆ ఇంటి సంగతి తెలియదు.

అసలు ఆ ఇంటికి నన్ను తీసుకెళ్లినవాడు ఒక దివాను.

నిజాం కొలువులో పందొమ్మిదో శతాబ్దం చివర దివానుగిరీ చేసిన ఒక పెద్దింటి నవాబు మీద నేను ఏళ్ల తరబడి పుస్తకం రాస్తున్నాను. ఆయన జీవితమూ, ఆయన చిత్తరువులూ. ఆయన పేరు కూడా ఇక్కడ అనవసరం. ఈ చుట్టుపక్కల కొన్ని ఊళ్లు ఆయన జాగీరు, ఈ పొలాల కందులు అమ్మిన సొమ్ము ఆయన బంగళా దీపాలకు నూనె అయింది. తన బొమ్మ తాను చూసుకోవడమంటే మహా ముచ్చట ఆయనకు. చిన్నప్పుడు గుర్రంపిల్ల మీద ఒకటి. మీసం వచ్చిన కొత్తలో నడుముకు బాకు పెట్టుకుని ఒకటి. అనంతగిరి అడవిలో చచ్చిన పులి మీద కాలు పెట్టి ఒకటి. దివాను అయ్యాక రొమ్ము నిండా పతకాలతో ఎన్నో. అన్నింట్లోనూ ఆయన చూపు మన తలల మీదుగా ఎటో పోతుంది. మనం ఉన్నట్టే ఆయనకు తెలియదు.

ఒక్క చివరి బొమ్మలో మాత్రం అలా కాదు. అప్పటికి ఆయన కొలువు పోయింది. ఎవరు ఊదారో, నిజాం చెవిలో ఏం పడిందో గానీ, ఒక్క పూటలో మాజీ అయిపోయాడు. పట్నం వదిలి ఇటు జాగీరు బంగళాకు వచ్చి పడ్డాడు, తర్వాత ఎంతోకాలం బతకలేదు. అప్పుడు తీయించుకున్న ఫోటో అది. అదే టోపీ, అవే పతకాలు, చెయ్యి కత్తి పిడి మీద, వేలికి రాయి ఉంగరం. కానీ కళ్లు నేరుగా మన వైపు చూస్తాయి. ఏదో పోగొట్టుకుని, ఎవరిని అడగాలో తెలియని కళ్లు. దాని చిన్న మసక అచ్చు ఒకటి పాత పత్రికలో దొరికింది. అసలు బొమ్మ బంగళాలో ఉండేదట. బంగళా కూలగొట్టినప్పుడు తలుపులు, కిటికీలు, అద్దాలు ఎవరికి చిక్కింది వాళ్లు పట్టుకుపోయారు. ఆ మసక అచ్చు జిరాక్సు నా సంచిలోనే ఉండేది. తాండూరు కాలేజీకి రోజూ బస్సులో వెళ్లి వస్తూ దాన్నే చూస్తూ కూర్చునేవాణ్ని.

ఒకనాడు కండక్టరమ్మ టికెట్ కొట్టబోయి ఆగిపోయింది.

"సార్, మా నాయిన ఫోటో మీ దగ్గర ఎట్లున్నది?"

పరాచికం అనుకున్నాను. ఆమె మొహంలో పరాచికం లేదు.

"ఈయన పాతకాలపాయనమ్మా. పోలికలు ఉంటయి" అన్నాను.

"ఏమో సార్. గా టోపి ఎన్నడు పెట్టిండో తెల్వది గని మొఖం మా నాయినదే. ఉంగరం గూడ గదే." వంగి మళ్లీ చూసింది. "నేను మా నాయినను సూడలే సార్. నేను అవ్వ కడుపుల ఉన్నప్పుడే బండల గనిల వోయిండు. ఫోటోల్నే సూసిన. పొద్దుగాల ఫోటో మొఖం జూడందె డ్యూటీకి రాను."

గుండె ఝల్లుమంది. అది ఆమె మీద జాలి అని చెప్పుకుంటే అబద్ధం అవుతుంది. నా బొమ్మ దొరికిందన్న సంబరం అది. ఆ ఆదివారమే వాళ్లింటికి బయలుదేరాను.

ఊరి చివర రెండు గదుల ఇల్లు. పక్కన గొర్రెల దొడ్డి. లోపల అందరిళ్లలో లాగే తాండూరు బండల పరుపు, చల్లగా, నున్నగా. ముసలమ్మ ఫోటో కింద కూర్చుని ఉంది. బజారులో నా చెవులు చూసిన మనిషే. నేను ఆమెకు దండం పెడుతూనే గోడ వైపు చూశాను.

తలకు రుమాలు చుట్టుకున్న గొర్రెల కాపరి. భుజాల మీద నల్ల గొంగడి, చేతిలో కర్ర. మొహం మాత్రం దివానుదే. ఫోటో మీద ఎవరో రంగులు వేసి టోపీని రుమాలు చేశారు, పతకాలను గొంగడితో కప్పారు, కత్తిని కర్రగా సాగదీశారు. చెయ్యి మార్చడం మాత్రం చేతకాలేదు. ఏ కాపరీ కర్రను అలా పట్టుకోడు, కత్తినే అలా పట్టుకుంటారు. ఉంగరం అలాగే ఉండిపోయింది. గొంగడి అంచు కింద పతకం ఒకటి సగం మిగిలి ఉంది. జన్మలో గొంగడి ముట్టుకుని ఉండడు పాపం, చచ్చాక ఎన్నో ఏళ్లకు కప్పుకున్నాడు.

"గా ఉంగరం మా తాతది సార్. మా నాయినకు ఇచ్చిండట" అంది కూతురు గర్వంగా.

ముసలమ్మ నన్ను చూస్తోంది. ఫోటోను చూస్తున్న నన్ను. "బిడ్డా, ఇంట్ల పాలు లేవు. పోయి పట్కరా" అంది. కూతురు వెళ్లింది. గేటు చప్పుడు అయ్యేదాకా ఆగి అడిగింది.

"గాయన నీకు ఎరుకనా?"

"ఎరుకే అవ్వా."

"ఎవరు?"

ఇన్నేళ్లుగా ఆయన ఎవరో ఆమెకు తెలియదు. నేను చెప్పాను. నవాబు అని, దివాను అని, ఈ ఊళ్లన్నీ ఒకప్పుడు ఆయనవేనని. ఆమె తల తిప్పి పైకి చూడలేదు. చేతివేళ్లతో నేల మీది బండను రుద్దుతూ విన్నది.

"మంచోడేనా?"

ఇదేం ప్రశ్న అనిపించింది. ఆయన మీద కట్టలు కట్టలు రాసినవాణ్ని, ఆ ప్రశ్న ఒక్కసారి కూడా నాకు రాలేదు. తెలియదవ్వా అన్నాను. చివరికి కొలువు పోయి, అందరూ వదిలేస్తే ఇక్కడే ఒంటరిగా పోయాడని చెప్పాను.

"అయితె సరే తియ్. మా ఇంట్ల ఉండెతందుకు పనికొస్తడు" అంది.

తర్వాత తానే చెప్పింది. ఎండకాలం గొర్రెలకు మేత లేక పెనిమిటి బండల గనిలో పనికి పోయాడు. పోయిన కొన్నాళ్లకే బండ మీద పడింది. "గీ బండలే సారూ" అని నేల చూపించింది. "యాడికి వోయినా గివే ఉంటయి. ఏ ఇంట్ల కూసున్నా గీటి మీదనే కూసోవాలె." ఆయనకు ఒక్క ఫోటో లేదు. పెండ్లికి కూడా తీయించుకోలేదు. పెత్రమాస నాడు, అంటే పెద్దలకు బియ్యం ఇచ్చే అమాస నాడు, చుట్టుపక్కల ఇళ్లలో ఫోటోలు తుడిచి బొట్లు పెడుతుంటే ఈమె చెంబు మీద బొట్టు పెట్టి పేరు చెప్పుకునేది. బిడ్డ బడికి పోయే వయసు దాకా అలాగే నడిచింది.

"ఒకనాడు బడి నుంచి ఏడ్సుకుంట వచ్చింది. నీ నాయిన చెంబా అని పోరలు నవ్విన్రట. అన్నం తినలే. మా నాయిన ఎట్లుండె, మా నాయిన ఎట్లుండె, గదే మాట. నోటితోని ఎంత జెప్తె మొఖం అయితది సారూ?"

బిడ్డను చుట్టాలింట్లో వదిలి బజారులో ఫోటోలకు అద్దాలు కట్టే దుకాణానికి పోయింది. అక్కడి ముసలాయన రంగులు కూడా వేసేవాడు. చెప్తా, గీయి అంది. ఆయన గీసిన ప్రతి ముక్కూ తప్పే, ప్రతి దవడా తప్పే. విసిగిపోయి ఆయన దుకాణంలో ఉన్న పాత ఫోటోలన్నీ ముందు పెట్టి, వీటిలో ఎవరైనా దగ్గరగా ఉంటే చెప్పమన్నాడు. బంగళా నుంచి వచ్చిన పెద్ద అద్దం ఫోటో కింద ఎక్కడో ఉంది.

"కండ్లు జూసిన. పొద్దుమీకి గొర్రె ఒకటి తప్పిపోతె మా ఆయన గట్లనే సూస్తుండె. గంతే సారూ. కండ్లు ఒక్కటే. ముక్కు గాదు, మీసం గాదు. చెవులైతె అస్సలే గాదు. గా కండ్లకు రుమాలు సుట్టుమని జెప్పిన."

ఇంటికి తెచ్చాక బిడ్డ ఆ ఫోటోను పట్టుకుని పడుకుంది. తర్వాత ఏడవలేదు. బడిలో అందరినీ పిలుచుకొచ్చి చూపించింది. ఉంగరం ఎక్కడిదని అడిగితే తాతది అని చెప్పేసింది తల్లి. చిన్న అబద్ధం పెద్ద అబద్ధానికి కాపలా. ఏ పండుగకూ ఆ ఫోటోకు బొట్టు మాత్రం తాను పెట్టలేదు. "నీ నాయినకు నువ్వే పెట్టు బిడ్డా" అని కూతురి చేతనే పెట్టించేది. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఇంతవరకు చెప్పి ఊరుకుంటుందనుకున్నాను. ఆమె గొంతు అప్పుడు మారింది.

"గని సారూ, ఒక పని అయింది. రోజు దీన్నే జూసిన. పొద్దుగాల గిదే, పొద్దుమీకి గిదే. కొన్నేండ్లకు మా ఆయనను యాది జేసుకుందామని కండ్లు మూసుకుంటె గీయన వచ్చిండు. గీయనే. మా ఆయన రాలే. అప్పటి నుంచి దీనికి ఈపు పెట్టి కూసుంటున్న. అయినా రాలే. బిడ్డకు నాయిన దొరికిండు. నా మొగడు వోయిండు."

బజారులో ఆమె ఎవరిని వెతుకుతోందో అప్పుడు తెలిసింది. ఒకడి దగ్గర చెవి, ఇంకొకడి దగ్గర దవడ దొరికితే ముక్కలు కలుపుకోవచ్చని. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

"ఏం యాదికి లేదా అవ్వా?"

"ఈపు యాదికున్నది. ఎప్పుడు ఆయన ముంగట, నేను ఎనక. గొర్ల ఎంబడి నడిచినమంటె గట్లనే. నా తల ఆయన రెక్కల కాడికి వచ్చేది. ఎత్తు మనిషి. గొంగడి వాసన యాదికున్నది. మొఖం జూడాలంటె ఆయన ఎనకకు తిరగాలె. తిరుగుతలేడు."

బయట గేటు చప్పుడైంది. ఆమె గబగబా ఒక్క మాట అడిగింది.

"నీకు గిది గావాలని సమజైంది. రంగు కడుగుతవా?"

నిజమే, ఇంట్లో అడుగు పెట్టినప్పటి నుంచి నా చూపు ఆ రంగు మీదే ఉంది. తడి దూదితో మెల్లగా తుడిస్తే గొంగడి పోతుంది, రుమాలు పోతుంది, చరిత్రలో పోయిన బొమ్మ బయటికి వస్తుంది. నా పుస్తకానికి ముఖచిత్రం అవుతుంది. కూతురు పాలగిన్నెతో లోపలికి వస్తూ అలవాటుగా ఫోటో వైపు ఒక చూపు చూసింది. ఇంటికి రాగానే నాన్నకు మొహం చూపించే పిల్ల చూపు అది, నలభై ఏళ్లకు దగ్గర పడిన ఆడమనిషిలో.

"వద్దవ్వా" అన్నాను.

"ఏం వద్దు సార్? చాయ్ వద్దా?" అంది కూతురు.

"చాయ్ గావాలె. చక్కెర వద్దంటున్నడు" అంది ముసలమ్మ. ఆ రోజు చక్కెర లేని చాయ్ తాగాను.

చివరి చిత్తరువు అసలు ప్రతి దొరకలేదని పుస్తకంలో ఒక్క వాక్యం రాసి వదిలేశాను. తర్వాత కూడా అప్పుడప్పుడు వెళ్లేవాణ్ని. ఆమె ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఒక్కోసారి నేను లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి, వెనక నుంచి చూస్తూ నిలబడేది. నేను తిరిగి చూసేవాణ్ని కాదు.

దినాల నాడు కూతురు నన్ను పక్కకు పిలిచింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బి ఉంది.

"సార్, అవ్వ ఒక మాట జెప్పి వోయింది. నా ఫోటో నీ నాయిన పక్కకు పెట్టకు, ఎదురు గోడకు పెట్టు అన్నది. నా పక్కకు ఇంకో మొల కొట్టు, దానికి ఏం తగిలియ్యకు అన్నది. ఎందుకవ్వా అంటె, నీకెందుకు, కొట్టు అన్నది." పైట నోట్లో కుక్కుకుంది. "మా నాయిన అంటె కోపమా సార్ మా అవ్వకు? ఇన్నేండ్లు ఆయన పేరు మీదనే బతికింది గద. పక్కకు కూసుంటె ఏమాయె?"

అక్కడ గోడ మీది నుంచి దివాను మా ఇద్దరినీ చూస్తున్నాడు. నా నాలుక మీదికి వచ్చిన ప్రతి మాటా ఆ పిల్ల తండ్రిని చంపేదిగానే ఉంది. చివరికి అబద్ధం కాని మాట ఒకటి దొరికింది.

"కోపం లేదమ్మా. తన మొగడంటె మీ అవ్వకు పానం. అది నాకు ఎరుక."

ఆమె తలూపింది. నమ్మిందో, ఆ పూటకు సరిపెట్టుకుందో తెలియదు.

మొన్న పెత్రమాసకు రమ్మని కబురు చేసింది. ముసలమ్మ పోయాక వచ్చిన మొదటి పెత్రమాస. బయట పిల్లలు ఎంగిలిపూల బతుకమ్మ కోసం తంగేడు, గునుగు తెచ్చి గుమ్మాల దగ్గర కుప్పలు పోస్తున్నారు. ఇల్లంతా కడిగి ఉంది. బండల మీద తడి ఇంకా ఆరలేదు. ఇప్పుడు ఆ ఫోటో కింద ఎవరూ కూర్చోవడం లేదు.

కూతురు ముందు దివానుకు బొట్టు పెట్టి దండ వేసింది. "నాయినా, నీ దగ్గరికే వచ్చింది, సూసుకో" అని మెల్లగా అంది. ఎదురు గోడకు వచ్చి తల్లి ఫోటోకు బొట్టు పెట్టింది. సెల్‌ఫోన్‌లో తీసింది పెద్దది చేయించారు, ఎప్పటిలాగే నవ్వు లేదు. పక్కన మొల ఉంది. దాని కింద తెల్ల సున్నం.

కుంకుమ గిన్నె పట్టుకుని అక్కడ నిలబడిపోయింది.

"పెత్రమాస నాడు గిక్కడ గూడ బొట్టు పెట్టుమన్నది సార్. ఏమున్నదని పెట్టాలె?"

"పెట్టమ్మా. అవ్వ మాట."

ఇంక అడగలేదు. ఉంగరపు వేలు తడిపి, కుంకుమలో అద్ది, తల్లి నుదుటి బొట్టుకు సరిసమానంగా గోడ మీద వేలు ఆనించబోయింది.

"జర పైకి పెట్టమ్మా" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. వేలు జానెడు పైకి జరిపింది.

"గిక్కడనా సార్?"

"ఆఁ. గిక్కడనే."